కొత్త బోరు వేసే ముందు

ఎండలు ముదిరాయంటే తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో బోరు లారీల రాకపోకలు మొదలవుతాయి. వాటిలో చాలావాటి సొంతూరు తమిళనాడులోని తిరుచెంగోడు. రిగ్గు రావడానికి ముందురోజే ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పెరడంతా తిరుగుతాడు. కాయ నిటారుగా లేచిన చోట సున్నంతో గుర్తు పెట్టి, సంభావన పుచ్చుకుని వెళ్తాడు. మర్నాడు రిగ్గు దిగుతుంది. వంద అడుగులు, రెండొందలు, నాలుగొందలు. అడుగుకు ఇంత అని లెక్క, కేసింగ్ పైపు ఖర్చు వేరే. తడి లేకుండా తెల్లటి రాతిదుమ్మే పైకి లేస్తుంటే ఇంటాయన ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. ‘ఇంకో యాభై చూద్దామా?’ అంటాడు డ్రిల్లరు. ఇంత తతంగం నడుస్తున్నప్పుడు అదే పెరట్లో ఒక మూల ముళ్లకంప కప్పిన పాత బావి ఉంటుంది. నాలుగేళ్ల కిందటిదాకా ఇంటిల్లిపాదికీ నీళ్లిచ్చిన బావి. అది ఎందుకు పాడైందో మాత్రం ఎవరూ తొంగి చూసి ఉండరు.

అసలు చూడాల్సింది అక్కడే. ఇంటి బావి పాడైందంటే చెడింది మూడింటిలో ఒకటి: నీళ్లు తోడే యంత్రం, బావి కట్టడం, లేదా భూమిలోని నీటిమట్టం. మొదటిది మెకానిక్‌తో పోయే పని. రెండోది పూడిక తీసేవాళ్లతో, తాపీమేస్త్రీతో తేలే పని. మూడోది ఒక్క ఇంటివల్ల అయ్యేది కాదు. చిక్కు ఏమిటంటే, మూడింటికీ ఊళ్లో చెప్పే పరిష్కారం ఒక్కటే: కొత్త బోరు. యంత్రమో కట్టడమో చెడితే ఆ డబ్బు అనవసరపు ఖర్చు. నీటిమట్టమే పడిపోయి ఉంటే కొత్త బోరుకు కూడా గ్యారంటీ లేదు.

ఇంటింటికీ కుళాయిలు వచ్చాక బావి మీద శ్రద్ధ ఇంకా తగ్గింది. తెలంగాణలో 2016 ఆగస్టులో మిషన్ భగీరథ మొదలైంది. జల్ జీవన్ మిషన్‌ను కేంద్రం 2019 ఆగస్టు 15న ప్రకటించింది. వాటివల్ల ఆడవాళ్లకు బిందె మోత తగ్గింది, కాదనేవాళ్లు లేరు. కానీ పైపు పగిలిన వారంలో, పశువులకు, పెరటి మొక్కలకు, ఇంట్లో పెళ్లి జరిగి వంద మంది దిగినప్పుడు ఆ కుళాయి ధార సరిపోదు. అలాంటి రోజుల కోసమైనా బావి బతికి ఉండాలి. చాలా ఇళ్లలో అది చెత్తకుండీ అయింది. కొన్నిచోట్ల మరుగుదొడ్డి గుంత కూడా అయింది. ఇది పక్కింటి బావిని సైతం పాడుచేసే పని.

ముందు తాడు వేసి చూడాలి

లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. చివర రాయి కట్టిన చాంతాడు, కొలిచే టేపు, గడియారం ఉంటే చాలు. తెల్లవారుజామున, ఇంకా ఎవరూ నీళ్లు తోడకముందు, గట్టు మీది నుంచి తాడు వదలాలి. నీళ్లు ఎన్ని అడుగుల కింద ఉన్నాయో ఒక కొలత, రాయి అడుగుకు తగిలేదాకా మరో కొలత. తవ్వినప్పటి లోతు ఇంట్లో పెద్దవాళ్లకు గజాల్లోనో నిలువుల్లోనో గుర్తుండే ఉంటుంది. అప్పుడు 40 అడుగులున్న బావి ఇప్పుడు 33 అడుగులే తేలిందంటే మిగతా 7 అడుగులూ పూడికే. ఊట వచ్చే చోటే అది పేరుకుని ఉంటుంది కాబట్టి, నీళ్లు లేవనిపించడంలో ఆశ్చర్యం లేదు.

తర్వాత ఇరుగుపొరుగు బావుల్లో కొలవాలి. అందరివీ ఒకేలా దిగిపోయి ఉంటే నీటిమట్టమే పడిపోయిందన్నమాట. పక్కింట్లో నీళ్లు 22 అడుగుల్లో ఉండి, ఇక్కడ 30 అడుగుల్లోనూ బురదే కనిపిస్తోందంటే తప్పు ఈ బావిదే. చివరగా ఉన్న నీళ్లన్నీ తోడేసి, గంటకు ఎన్ని అంగుళాలు ఊరుతున్నాయో గోడ మీద గీతలు గీసి చూడాలి. రాత్రికి రెండు మూడు అడుగులు ఊరే బావి చిన్న కుటుంబం వాడకానికి మామూలుగా సరిపోతుంది. దాన్ని ఎండిన బావి అనడం అన్యాయం.

కొలిచే అలవాటు పల్లెకు కొత్తేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 తర్వాత ఏడు కరువు జిల్లాల్లోని 638 ఆవాసాల్లో రైతుల యాజమాన్యంలో భూగర్భజలాల పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటు దానికి ఉండేది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం జిల్లాల రైతులు, ఆడవాళ్లతో సహా, తమ బావుల్లో, బోర్లలో నీటిమట్టాన్ని, ఊళ్లో పడిన వానను తామే కొలిచి పుస్తకాల్లో ఎక్కించారు. ఏ పంటకు ఎన్ని నీళ్లు మిగిలాయో ఆ లెక్కతో చూసుకున్నారు. ఇంజనీర్లు చెప్పేదాకా ఆగనక్కర్లేదని అక్కడ తేలింది. ఇంటి బావికైతే ఆ లెక్కలో పదోవంతు చాలు.

కొలతల్లో నీళ్లు ఉన్నట్టు తేలి, కుళాయిలోకి మాత్రం రాకపోతే చూపు మోటారు మీదికి మళ్లాలి. గట్టు మీద బిగించిన మోనోబ్లాక్ పంపు నీటిని పైకి లాగడం లేదు. కొబ్బరిబోండంలోని గొట్టంలాగే, పైపులో గాలి తీసేస్తే బయటి గాలి ఒత్తిడి నీటిని పైకి నెడుతోంది. ఆ ఒత్తిడి నెట్టగలిగేది సిద్ధాంతం ప్రకారం 10 మీటర్ల పైచిలుకు. వాస్తవంలో 25 అడుగులు దాటితే పంపు ఆయాసపడుతుంది. శీతాకాలంలో 20 అడుగుల్లో ఉన్న నీళ్లు మే నెలకు 28 అడుగులకు దిగితే పంపు గాలి తోడుతుంది, బావిలో పది అడుగుల నీళ్లున్నా సరే. పంపును బావిలోపల గట్టి దిమ్మె మీదికి దించడమో, జెట్ పంపుకో సబ్‌మెర్సిబుల్‌కో మారడమో చేస్తే పని అయిపోతుంది. దానికంటే ముందు అడుగున ఉన్న ఫుట్‌వాల్వ్‌లో చెత్త ఇరుక్కుందేమో, సక్షన్ పైపు అతుకులో గాలి దూరుతోందేమో చూడాలి.

దిగే ముందు

పూడిక ఉందని తేలాక తీయించాల్సిందే. ఈ వృత్తి తరతరాలుగా వడ్డెరలది. మట్టి రంగు చూసి ఎంత లోతులో మొరం వస్తుందో, రాయి మోగే తీరు విని కింద పరుపు బండ ఉందో చీలిక ఉందో చెప్పగలిగే మనుషులు వాళ్లలో ఇంకా ఉన్నారు. బెంగళూరు చుట్టుపక్కల బావులు తవ్వే మన్ను వొడ్డర్లలోనూ తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి బయోమ్ ట్రస్టు వాళ్లతో కలిసి నగరంలో కొత్త బావులు తవ్విస్తోంది, పాతవి బాగు చేయిస్తోంది. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాత బావులను తిరిగి తెరిచింది వాళ్ల చేతులే. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావిని చెత్తలోంచి పైకి తీసి 2022 డిసెంబరులో ఘనంగా ప్రారంభించారు. పల్లెలో పెరటి బావికి అంత సందడి ఉండదు కాబట్టి, దాన్ని శుభ్రం చేసేవాడి ప్రాణం మీద కూడా అంత ధ్యాస ఉండదు.

ఆ ప్రాణం గురించే ముందు చెప్పుకోవాలి. ప్రతి వేసవిలో పత్రికల్లో ఒకే రకం వార్త కనిపిస్తుంది. పూడిక తీయడానికి దిగినవాడు ఉలుకూ పలుకూ లేకుండా పడిపోతాడు. పాము కరిచిందేమోనని తమ్ముడు దిగుతాడు, అతనూ లేవడు. మూడోవాడు దిగుతాడు. వాళ్లను పడగొట్టేది గాలి. చాలాకాలం వాడని బావిలో కుళ్లిన ఆకులు, చెత్త ఆక్సిజన్‌ను తినేసి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువైన ఆ వాయువు అడుగునే నిలిచిపోతుంది. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ పది శాతం కంటే బాగా కిందికి పడిపోతే మనిషికి కేక వేసే వ్యవధి కూడా ఉండదు.

దీపం దించి చూడటం పాత పద్ధతి. దీపం ఆరిపోతే దిగకూడదు, అంతవరకు అది సరైనదే. వెలుగుతూ ఉంటే దిగొచ్చని మాత్రం కాదు. డీజిలు ఇంజను పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, దీపం దాన్ని పట్టుకోలేదు. నీళ్లు తోడటానికి డీజిలు, పెట్రోలు పంపును బావిలోకి దించి నడపడం అంటే ఆ విషాన్ని చేతులారా నింపడమే. ఇంజను బయటే, గాలివాలుకు దూరంగా ఉండాలి. దిగడానికి చాలాముందు నుంచే బ్లోయరుకు పైపు తగిలించి అడుగుదాకా గాలి కొట్టాలి, పని నడిచినంతసేపూ కొడుతూనే ఉండాలి. అదీ లేనిచోట ఆకుల మండలు కట్టి పైకీ కిందికీ ఆడించడం, పైనుంచి నీళ్లు చిమ్మడం పెద్దలు చేసిన పనులే. ఏమీ చేయకపోవడం కంటే నయమే గానీ, బ్లోయరుకు బదులు కావు.

దిగేవాడి ఛాతీకి తాడు కట్టి, దాని కొస పైన కనీసం ఇద్దరు పట్టుకుని ఉండాలి. మోటారుకు కరెంటు తీసేసి ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి. లోపలివాడు పలకకపోతే తాడుతో లాగాలి, గాలి కొట్టాలి, 101కో 108కో ఫోన్ చేయాలి. వెనకాలే ఇంకొకరు దిగకూడదు. అన్నదమ్ములైనా సరే.

ఒరలు, గట్టు, చప్టా

పూడికంతా పైకి వచ్చాక బావి గోడలు నిజం చెబుతాయి. రావి మొలక ఒకటి రాళ్ల మధ్య వేరు తన్ని ఉంటుంది. దాన్ని పైన కోసేస్తే లాభం లేదు, రాయి కదిపి వేరుతో తీసి సందు పూడ్చాలి. ఒకచోట కట్టు లోపలికి ఉబ్బి ఉంటుంది. అంటే వెనక మట్టి జారిపోయి బోలు పడిందని. అది కూలితే పూడిక తీసిన ఖర్చంతా మళ్లీ మొదటికే. గోడల మీద నల్లటి చారికలు పైనుంచి కిందికి దిగి ఉంటే, వాడిన నీళ్లు తిరిగి బావిలోకే ఇంకుతున్నాయన్న మాట.

బావి మరమ్మతులో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. శుభ్రంగా ఉంటుందని మేస్త్రీ సిమెంటు ఒరల అతుకులన్నిటినీ, లేదా రాతికట్టునంతా, పైనుంచి అడుగుదాకా పూసేస్తాడు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఊట మాత్రం మూసుకుపోతుంది. గట్టిగా పూయాల్సింది పై 20 అడుగులే. ఉపరితలం మీది మురికి దిగేది ఆ మేరలోనే. కింది ఒరల అతుకులను వదిలేయాలి, లేదా బెజ్జాలున్న ఒరలు వేయాలి. ఇసక నేలల్లో ఒర వెనక గులకరాళ్లు నింపాలి. అడుగున కూడా జల్లెడ పట్టిన కంకర మందంగా పరిస్తే ఇసక పైకి ఉబికి రాదు.

పైన చేయాల్సిన పని అంతకంటే తేలిక. అయినా దాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. ఒరలు నేలకు రెండు మూడడుగులు పైకి లేవాలి, చుట్టూ కనీసం మీటరు వెడల్పున బయటికి వాలు ఉన్న సిమెంటు చప్టా ఉండాలి, అక్కడి నుంచి నీళ్లు దూరంగా పోయే కాలవ ఉండాలి. మరుగుదొడ్డి గుంత, పేడదిబ్బ, పశువుల కొట్టం బావికి 15 మీటర్లలోపు ఉండకూడదని ప్రజారోగ్య నియమం. ఇరుకు స్థలాల్లో కట్టిన మరుగుదొడ్లు ఎన్నో ఈ దూరాన్ని పాటించలేదు. అలాంటి ఇంట్లో బావిని ఎంత శుభ్రం చేసినా మురికి మళ్లీ చేరుతుంది. గుంతను మార్చడమో, బావి నీళ్లు తాగడం మానడమో, రెండింటిలో ఒకటి తప్పదు.

ఇంకా లోతుకు వెళ్లాలా?

పూడిక తీసినా ఊట చాలకపోతే లోతు చేయాలన్న ఆలోచన వస్తుంది. ఇక్కడ నేల సంగతి తెలుసుకోవాలి. తెలంగాణ, రాయలసీమల్లో ఎక్కువ భాగం గ్రానైటు జాతి రాయి. పైన మట్టి, కింద మొరం, మెత్తబడిన రాయి. మామూలుగా ఓ అరవై డెబ్భై అడుగులలోపే ఆ పొర అయిపోతుంది. స్పంజులా నీళ్లు పట్టి ఉంచేది అదే, చేదబావులన్నీ దాన్ని నమ్ముకుని తవ్వినవే. దాని కింద గట్టి బండ, అక్కడక్కడ పగుళ్లు. బోరు వెతికేది ఆ పగుళ్లనే. పొలాల్లో బోర్లు పెరిగి, వ్యవసాయానికి 2004 నుంచి ఉచిత విద్యుత్తు వచ్చాక, కింది పగుళ్లలోంచి రోజంతా తోడుతుంటే పై పొర కూడా ఖాళీ అయింది. ఇంటి బావిని అడుగంటించింది ఇంటి వాడకం కాదు.

కాబట్టి మెత్తటి పొర ఇంకా మిగిలి ఉంటేనే లోతు చేయడంలో అర్థముంది. పాత ఒరల లోపలే చిన్న కైవారం ఒరలు దించుకుంటూ తవ్వుతారు. కింది ఒర చుట్టూ మట్టిని సమంగా తీస్తే అది తన బరువుకే దిగుతుంది. ఒక పక్క ఎక్కువ తీస్తే వంకరపోయి ఇరుక్కుంటుంది. బండ తగిలితే ఇళ్ల మధ్య తోటాలు పేల్చడం నేరమూ ప్రమాదమూ. అప్పుడు బావి అడుగు నుంచే చిన్న బోరు వేయించడమో, గోడల్లోంచి పక్కలకు అడ్డబోర్లు కొట్టించడమో చేస్తారు. పగులు తగిలితే ఆ నీళ్లు బావిలోకి వచ్చి నిలుస్తాయి. బావి తొట్టిలా పనికొస్తుంది కాబట్టి గంటకు కొద్దిగా వచ్చినా సరిపోతుంది. బోరులో అయితే అంత కొద్ది ఊటకు మోటారు ఆగి ఆగి నడవాలి.

కోస్తాలో కథ తలకిందులు. కోనసీమలోనూ, బాపట్ల, చీరాల ఇసక నేలల్లోనూ మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద పలుచటి పొరగా తేలి ఉంటాయి. సముద్రమట్టానికి అడుగు ఎత్తున మంచినీరు ఉంటే దాని కింద దాదాపు 40 అడుగుల మేర తీపినీరు ఉంటుందని లెక్క. పైన అడుగు తోడేస్తే కింద ఉప్పు 40 అడుగులు పైకి లేవగలదు. అక్కడ బావి లోతు చేయడం ఉప్పును పిలవడమే. బాపట్ల ప్రాంత రైతులు ఇసకలో లోతులేని దొరువులు తవ్వుకునేది ఇందుకే. ఆ పాత తెలివినే బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు మెరుగుపరిచారు. బెజ్జాలున్న పైపులను నిలువుగా కాక అడ్డంగా ఇసకలో పరిచి, అన్నిటినీ మధ్యలో ఒక బావిలోకి కలిపారు. పై పొరలోని తీపినీళ్లు మాత్రమే మెల్లగా చేరతాయి. ఉప్పు తగిలిన ఇంటి బావికి మందు తక్కువ లోతు, ఎక్కువ వెడల్పు, నెమ్మదిగా తోడటం.

బోరుకైతే

చేదబావి లేక ఇంటి బోరు మీదే ఆధారపడ్డవాళ్లకు మొదటి పరీక్ష కరెంటుది. స్టార్టరు, కెపాసిటరు, కేబులు అతుకు చూశాక ఎలక్ట్రీషియన్ టాంగ్ టెస్టరు పెడతాడు. మోటారు మామూలుకంటే తక్కువ కరెంటు లాగుతోందంటే నీళ్లు లేక ఒట్టినే తిరుగుతోందని అనుమానించాలి. ఎక్కువ లాగుతోందంటే ఇసక పట్టి బిగుసుకుంది. నీళ్లు కాసేపు వచ్చి, గాలి కొట్టి, మళ్లీ వస్తుంటే మట్టం పంపు దాకా దిగిందన్నమాట. బోరులో ఇంకా లోతు ఉంటే మరో రెండు పైపులు కలిపి మోటారును దించితే సరిపోవచ్చు. పైపుల్లో ఎక్కడో బెజ్జం పడి నీళ్లు బోరులోకే కారిపోవడం కూడా తరచుగా జరిగేదే. పైపులన్నీ పైకి లాగితే గానీ అది బయటపడదు.

బోరే పూడితే కంప్రెసరుతో ఫ్లషింగ్ చేయిస్తారు. గాలి ఒత్తిడికి అడుగున చేరిన మట్టి, రాతిపొడి పైకి చిమ్ముతుంది. నీళ్లు మొదట ఎర్రగా, తర్వాత తేటగా వస్తాయి. మళ్లీ నాలుగు నెలలకే పూడిందంటే కేసింగ్ గట్టిరాయి దాకా దిగలేదని అర్థం. వేసేటప్పుడు ఒక పైపు మిగిల్చిన ఆదా ఇలా వసూలవుతుంది. నీళ్లున్న పగుళ్లు మూసుకుపోయిన బోర్లకు హైడ్రో ఫ్రాక్చరింగ్ అనే పద్ధతి ఉంది. కేసింగ్ కింద బోరును బిగించి, ఎక్కువ ఒత్తిడితో నీటిని లోపలికి పంపి పగుళ్లను విప్పుతారు. సర్కారు చేతిపంపుల బోర్ల మీద ఇది ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. ఫలితం రాయిని బట్టి. హామీ ఇచ్చేవాణ్ణి నమ్మకూడదు.

అన్నీ చేసినా లాభం లేక బోరును వదిలేయాల్సి వస్తే దాన్ని తెరిచి వదలకూడదు. 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర ఒక పసిపాప పాడుబడ్డ బోరులో పడి ప్రాణం పోగొట్టుకుంది. వాడని బోరును మట్టి, ఇసక, రాళ్లతో అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. పైన గోనెసంచి కప్పి రాయి పెట్టడం పూడ్చడం కాదు.

కొత్త బోరే దారని తేలితే వాల్టా చట్టం గుర్తుంచుకోవాలి. 2002లో వచ్చిన ఆ చట్టం ప్రకారం బావికి, బోరుకు ముందే అనుమతి తీసుకోవాలి. ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి.

తాగే ముందు

బాగు చేసిన బావిలో మొదట ఊరిన నీళ్లు తాగడానికి కాదు. మనుషుల కాళ్లు, పారలు, బురద తగిలిన నీళ్లు అవి. బ్లీచింగ్ పౌడరు వేయాల్సిందే. దాని లెక్క ఇంట్లో బడిపిల్లలు కూడా చేయగలరు. బావి అడ్డుకొలతను అంతతోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 3.14తో గుణించి, 4తో భాగించాలి. కొలతలు మీటర్లలో ఉంటే వచ్చేది ఘనపు మీటర్లు, ఒక్కోటి వెయ్యి లీటర్లు. ఐదడుగుల బావిలో పదడుగుల నీళ్లున్నాయంటే సుమారు 5,600 లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు వేయాలి. అంటే ఈ బావికి 14 గ్రాములు. పూడిక తీశాక వేసే తొలి మోతాదు దీనికి ఎన్నో రెట్లు ఉండాలి. దాన్ని ఊరి ఆరోగ్య కార్యకర్తను అడిగి వేయాలి. ఆ నీటిని రాత్రంతా ఉంచి, మర్నాడు ఘాటు పోయేదాకా తోడి పారబోయాలి.

పొడిని నేరుగా బావిలో కుమ్మరించకూడదు. ముందు ముద్దగా కలిపి, బకెట్ నీళ్లు పోసి తిప్పి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లను వేరే బకెట్లోకి వంపి, బావిలోకి దించి, పైకీ కిందికీ ఆడించాలి. గంటసేపు ఎవరూ తోడకూడదు. చివరి బిందె నింపుకున్నాక రాత్రిపూట వేయడం మేలు. ఆ సమయంలో బావిలో మనిషి ఉండకూడదు, క్లోరిన్ కూడా ఊపిరి తీసే వాయువే. మూతి విప్పి నెలలు గడిచిన సంచిలోని పొడి పనికిరాదు.

రోజూ వేయలేనివాళ్ల కోసం నాగపూర్‌లోని నీరి సంస్థ జంట కుండల పద్ధతి కనిపెట్టింది. లోపలి కుండలో కిలో బ్లీచింగ్, రెండు కిలోల ముతక ఇసక కొద్దిగా తడిపి నింపుతారు. దానికి మూతి దగ్గర ఒక బెజ్జం, బయటి కుండకు అడుగుకు కాస్త పైన మరో బెజ్జం ఉంటాయి. రెండింటినీ ఒకదానిలో ఒకటి పెట్టి, మూతికి ప్లాస్టిక్ కాగితం కట్టి, నీటి మట్టానికి మీటరు కిందికి వేలాడదీస్తే క్లోరిన్ కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. 4,500 లీటర్ల ఇంటి బావికి రెండు మూడు వారాలు పనిచేస్తుంది. ఖర్చు రెండు మట్టికుండలు.

క్లోరిన్ క్రిములను చంపుతుంది గానీ ఫ్లోరైడును ఏమీ చేయలేదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది తెలుగు నేల మీదే. 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం ప్రాంతంలో. తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. గ్రానైటులో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలుంటాయి. నీళ్లు ఎంతకాలం ఆ రాతిలో నిలిస్తే అంత కరిగించుకుంటాయి, లోతైన బోర్లతో వచ్చే భయం అదే. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. కాచితే ఫ్లోరైడు పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. లోతు చేసిన బావి, కొత్తగా వేసిన బోరు ఏదైనా గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించకుండా పసిపిల్లలకు పట్టకూడదు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పించారు, వాళ్లనైనా అడగొచ్చు.

కప్పు మీది వాన

నీటిమట్టమే పడిపోయిన ఊళ్లో బావికి చేయగలిగింది ఒకటి మిగిలింది. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల డాబా మీద అనంతపురంలా ఏడాదికి 550 మిల్లీమీటర్లే పడినా, పోయింది పోగా 44,000 లీటర్లు దక్కుతాయి. కేరళలోని త్రిశూర్ జిల్లాలో 2008లో మొదలైన మళప్పొలిమ కార్యక్రమం ఈ లెక్కనే పట్టుకుంది. ఇంటి కప్పు మీది వానను పైపుతో వడపోతకు, అక్కడి నుంచి పెరటి బావికి మళ్లించింది. వేసవిలో ట్యాంకర్లు తిరిగే ఊళ్లలో బావులు నిలబడ్డాయి. అక్కడి నేల, వాన వేరు. ఇక్కడ బావి నిండిపోతుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు, ఊట మిగిలితే చాలు. తొలి వానల నీళ్లు బయటికే వదలాలి. తర్వాత కంకర, ఇసక నింపిన తొట్టిలో వడగట్టాకే బావిలోకి పంపాలి. వీధి కాలవ నీళ్లు, పశువులు తిరిగే వాకిలి నీళ్లు ఎంత ఉన్నా బావి జోలికి రానివ్వకూడదు.

పూడిక తీయడానికి, ఒరలు దించడానికి నీళ్లు అట్టడుగున ఉండే రోహిణి కార్తె అనువైన కాలం. మృగశిర వచ్చి వానలు పడ్డాక గోడలు తడిసి కూలే ప్రమాదం ఎక్కువ, అడుగు కూడా కనిపించదు. ఈ ఏడు ఆ పని కుదరనివాళ్లు కనీసం ఒకటి చేయండి: రేపు పొద్దున్నే తాడు వేసి నీటిమట్టం కొలిచి, తారీఖుతో సహా గోడ మీద రాసిపెట్టండి. నెలకోసారి అదే పని చేస్తే, వచ్చే వేసవికి మేస్త్రీని పిలవాలో మెకానిక్‌ను పిలవాలో మీకే తెలుస్తుంది.